ప్రాణభయంతో ఎంబసీ గేటు దగ్గరకొచ్చినవాణ్ణి వెనక్కి పంపబోమని మన దేశం రాసి పెట్టుకోవాలి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మీ పేపర్లో విదేశీ వార్తలు వేసే పేజీలో అప్పుడప్పుడు నాలుగు లైన్ల వార్త ఒకటి వస్తుంటుంది, ఫలానా దేశంలో ప్రతిపక్ష నాయకుడు ఫలానా దేశపు ఎంబసీలో ఆశ్రయం తీసుకున్నాడు అని. మర్నాటికి దాని ఊసే ఉండదు. ఆ మనిషి లోపల ఎన్నాళ్ళున్నాడు, బయటికొచ్చేడా, అసలు బతికేడా అన్నది తెలియాలంటే మనమే వెతుక్కోవాలి. నాకు ఈ సంగతి మీద చాలాకాలంగా పట్టింపు ఉందండి, కారణం కింద చెప్తాను. ఈమధ్య మా కంచరపాలెంలో టీ కొట్టు దగ్గర ఈ మాటొస్తే తెలిసినాయన ఒకరు, బాగా చదువుకున్నాయనే, "తప్పు చెయ్యనోడైతే కోర్టుకెళ్ళాలి గాని ఎంబసీలో దూరడమేటండి, పరాయి దేశంవాడు వాణ్ణి దాచడమేటి" అన్నారు, పక్కనున్న నలుగురూ అవునవునన్నారు. చాలామంది అనుకునే మాటే అది, అందుకే జవాబు మీ పేపర్ ద్వారా చెప్దామని రాస్తున్నాను.

కోర్టుకెళ్ళమనడం మనకి తేలికే. మనకి బెయిలుంది, పట్టుకెళ్ళిన మనిషిని తెచ్చి కోర్టులో చూపించమని అడిగే హెబియస్ కార్పస్ పిటిషన్ ఉంది, రేపొద్దున్న పోలీసులు ఎత్తుకెళ్తే అరిచే లాయర్లున్నారు, రాసే పేపర్లున్నాయి. ఇన్ని ఉన్న మన దేశంలోనే ఎమర్జెన్సీ 21 నెల్లూ ఏం జరిగిందో పెద్దవాళ్ళందరికీ తెలుసు, 1976లో సుప్రీం కోర్టే హెబియస్ కార్పస్ వెయ్యడానికి వీల్లేదని తీర్పిచ్చింది. మరి జడ్జి మిలటరీ మనిషి, పేపర్ మిలటరీది, లాయర్ నిన్ననే జైలుకెళ్ళేడు అన్న దేశంలో కోర్టు ఎక్కడుంది వెళ్ళడానికి? సరిహద్దు దగ్గరలో ఉన్నవాడు రాత్రికి రాత్రి దాటేస్తాడు. రాజధాని నడిబొడ్డున ఇరుక్కున్నవాడికి మాత్రం పోలీసులు అడుగుపెట్టలేని చోటు ఊరు మొత్తం మీద ఒకే ఒకటుంటుంది, అది పరాయి దేశపు ఎంబసీ.

పోలీసులు ఎందుకు అడుగుపెట్టలేరంటే, ఎంబసీ ఉన్న నేల ఆ పరాయి దేశానిదని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదండి. ఢిల్లీలో చాణక్యపురిలో ఏ ఎంబసీ ఉన్నా అది మన భారత భూమే. కాకపోతే 1961లో వియన్నాలో దేశాలన్నీ కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నాయి, అందులో 22వ ఆర్టికల్ ప్రకారం అంబాసిడర్ ఒప్పుకుంటే తప్ప ఆ దేశం పోలీసులు గానీ సైన్యం గానీ లోపలికి పోకూడదు. మనం కూడా ఒప్పుకున్నాం, 1972లో పార్లమెంటులో చట్టం కూడా చేసుకున్నాం. కానీ అదే ఒప్పందంలో ఎంబసీని ఎంబసీ పనికే వాడాలని కూడా ఉంది, పారిపోయొచ్చినవాడికి ఆశ్రయం ఇవ్వొచ్చని మాత్రం ఎక్కడా లేదు. అంటే లోపలికి వెళ్ళినవాణ్ణి పోలీసులు లాక్కురాలేరు, వాణ్ణి ఉంచుకునే హక్కు తనకుందని ఎంబసీ గట్టిగా చెప్పే వీల్లేదు, గేటు దాటి బయటికొస్తే అరెస్టు. ఈ ఇరుకులో మనుషులు ఏళ్ళకేళ్ళు గడిపేరు.

పెరూ దేశంలో హయా దె లా తోర్రె అని ఒక పెద్ద పార్టీ నాయకుడుండేవాడు. 1948 అక్టోబర్‌లో అక్కడ ఈయన మీద తిరుగుబాటు కేసు పెట్టేరు, అదే నెలలో జనరల్ ఒద్రియా అనే మిలటరీ ఆయన అధికారం లాక్కున్నాడు, ఈయన మూడు నెలలు దాక్కుని 1949 జనవరి 3న లిమాలో ఉన్న కొలంబియా ఎంబసీలోకి వెళ్ళేడు. కొలంబియా ఏమో ఇది రాజకీయ కేసు, దేశం దాటనివ్వండి అంది, పెరూ ఏమో అది చెప్పడానికి నువ్వెవరివి అంది. చివరికి ఇద్దరూ హేగ్‌లో అంతర్జాతీయ న్యాయస్థానానికెళ్ళేరు. 1950లో వచ్చిన తీర్పు ఏంటంటే, ఇది రాజకీయ నేరమని కొలంబియా ఒక్కతే తేల్చేసుకుంటే చెల్లదు అని. సరే అయితే అప్పగించాలా అని మళ్ళీ అడిగితే 1951లో ఇంకో తీర్పు, ఆశ్రయం ఆపెయ్యాలి, కానీ ఆయన్ని అప్పగించాల్సిన పని లేదు అని! మరి ఆ మనిషి ఎటు వెళ్ళాలి? ఆయన 1954 ఏప్రిల్ దాకా ఆ ఎంబసీలోనే ఉన్నాడు, అయిదేళ్ళ పైన.

ఈ గొడవ చూసేకే లాటిన్ అమెరికా దేశాలు అదే 1954లో కారకాస్‌లో కూర్చుని ఎంబసీ ఆశ్రయం మీదే ప్రత్యేకంగా ఒక ఒప్పందం రాసుకున్నాయి. నేరం రాజకీయమా కాదా అన్నది ఆశ్రయం ఇచ్చే దేశమే చెప్తుంది, మామూలు నేరాలు చేసినవాడికి ఆశ్రయం లేదు, ఆశ్రయం ఇచ్చేక ఆ మనిషిని క్షేమంగా దేశం దాటించడానికి అక్కడి ప్రభుత్వం హామీ ఇవ్వాలి, దీన్నే సేఫ్ కండక్ట్ అంటారు. నాకు ఇందులో నచ్చేదేంటంటే అక్కడ ప్రతి ప్రభుత్వానికీ తెలుసు, ఇవాళ మనం కుర్చీలో ఉన్నాం, రేపు మనమే ఎవరి గేటో తట్టాల్సి రావొచ్చని. 1973లో అర్జెంటీనాకి ప్రెసిడెంటుగా చేసిన కాంపోరా గారు మూడేళ్ళకే, 1976లో మిలటరీ వచ్చేక, బ్యూనస్ ఎయిరిస్‌లో మెక్సికో ఎంబసీలో తల దాచుకున్నాడు. 1979 దాకా అక్కడే ఉన్నాడు.

చిలీ సంగతి కొంచెం ఎక్కువే చెప్తాను, ఏమీ అనుకోకండి. 1973 సెప్టెంబర్ 11న జనరల్ పినోచె సైన్యం ప్రెసిడెంటు భవనం మీద బాంబులేసింది, ప్రెసిడెంటు అయెందె గారు ఆ రోజే చనిపోయేరు. ఆయన మనుషులే కాదు, అప్పటికే పక్క దేశాల నియంతల దగ్గర్నుంచి పారిపోయొచ్చి చిలీలో తల దాచుకుంటున్నవాళ్ళు కూడా ఒక్కసారిగా రోడ్డున పడ్డారు, స్టేడియంని జైలు చేసేసేరు. అప్పుడు స్వీడన్ అంబాసిడర్ హారల్డ్ ఎడెల్‌స్టాం అనే ఆయన, క్యూబా ఎంబసీ మీద సైన్యం కాల్పులు జరుపుతుంటే అక్కడికెళ్ళి, అది ఇప్పుడు స్వీడన్ రక్షణలో ఉందని చెప్పి, వాళ్ళ స్టాఫ్‌ని దేశం దాటించి, ఆ భవనంలో ప్రాణభయంతో వచ్చినవాళ్ళని తెచ్చి పెట్టుకున్నాడు. కారకాస్ ఒప్పందానికీ స్వీడన్‌కీ ఏ సంబంధమూ లేదు, ఆయన చేతిలో ఏ సంతకమూ లేదు, ఏ రూలూ లేదు. వందలమంది ప్రాణాలు కాపాడేడు, డిసెంబర్‌లో పినోచె ఆయన్ని దేశంనుంచి పంపించేసేడు. అయెందె గారి భార్య మెక్సికో ఎంబసీ సాయంతో దేశం దాటింది. నేను అడిగేది ఒక్కటేనండి, ఆ రోజు ఎడెల్‌స్టాం స్థానంలో రూల్ పుస్తకం తప్ప ఇంకోటి చూడని మనిషి ఉంటే? ఒక అంబాసిడర్ మంచితనం మీద వందల ప్రాణాలు ఆధారపడడం ఎంత భయంకరం.

మన దేశం ఇందులో ఎక్కడుందో చూద్దాం. ఇది చాలామందికి గుర్తులేదు, మన ఎంబసీ కూడా ఒకప్పుడు గేటు తీసింది. నేపాల్‌లో 1846 నుంచి వంశపారంపర్యంగా ప్రధానులయ్యే రాణాలదే రాజ్యం, రాజు పేరుకే రాజు, ప్యాలెస్‌లో ఖైదీలాగే ఉండేవాడు. 1950 నవంబర్ 6న త్రిభువన్ రాజు వేటకి వెళ్తున్నామని చెప్పి కుటుంబాన్ని కార్లెక్కించుకుని బయల్దేరి, దార్లో కార్లని ఇండియన్ ఎంబసీ గేటులోకి తిప్పించేసేడు. అప్పటి మన అంబాసిడర్ సి.పి.ఎన్. సింగ్. మూడేళ్ళ మనవడు జ్ఞానేంద్ర మాత్రం వెనక ఉండిపోతే రాణాలు మర్నాడే ఆ పసివాడికి కిరీటం పెట్టి ఇతనే రాజన్నారు, మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. నాలుగైదు రోజులకి త్రిభువన్‌ని విమానంలో ఢిల్లీ తీసుకొచ్చేరు, 1951 ఫిబ్రవరిలో ఆయన తిరిగెళ్ళేడు, రాణాల పాలన అక్కడితో పోయింది. అందులో మన దేశం అవసరం కూడా ఉంది, చైనా టిబెట్‌లోకి వచ్చేసిన రోజులవి, కాదనను. కానీ గేటు తీసేం కదా. పరాయి దేశం వ్యవహారంలో వేలు పెట్టకూడదని ఆ రోజు రాజుని రాణాల చేతికి తిరిగి ఇచ్చుంటే ఇవాళ ఎవరైనా మనల్ని మెచ్చుకుంటారా?

అదే మన ప్రభుత్వం 1967 వచ్చేసరికి వేరే మాట చెప్పింది. ఆ ఏడాది మార్చి 6న స్టాలిన్ కూతురు స్వెత్లానా ఢిల్లీలో అమెరికా ఎంబసీలోకి నడిచెళ్ళిపోయింది. ఆవిడ తనతో కలిసి బతికిన మన దేశస్థుడు బ్రజేశ్ సింగ్ అస్థికలు గంగలో కలపడానికొచ్చింది, తిరిగి మాస్కో వెళ్ళడం ఇష్టం లేక వెళ్ళింది, వాళ్ళు ఆ రాత్రికే విమానం ఎక్కించేసేరు. ఆ ఏడాది చివర్లో ఒక సోవియట్ విద్యార్థి కూడా ఢిల్లీలో అలాగే వెళ్తే పెద్ద గొడవైంది, దాంతో మన విదేశాంగ శాఖ ఎంబసీలన్నిటికీ కాగితం పంపింది, మా దేశంలో మీ ఎంబసీలు ఎవరికీ ఆశ్రయం ఇచ్చే హక్కుని మేం గుర్తించం అని. రష్యాకీ అమెరికాకీ మధ్య నలిగిపోతున్న రోజుల్లో ఢిల్లీ ఆ మాట ఎందుకందో అర్థం చేసుకోగలను. కానీ ఢిల్లీలో ఉన్న పరాయి ఎంబసీల మాట వేరు, నియంతల రాజధానుల్లో ఉన్న మన ఎంబసీల మాట వేరు. రెండోదాని మీద మనకి చట్టమంటూ ఏదీ లేదు.

ఇప్పుడు నాకెందుకు ఇంత పట్టింపో చెప్తాను. మాది బర్మా నుంచి వచ్చిన కుటుంబం. మా వైపు బర్మా క్యాంప్ అనే పేట ఎందుకొచ్చిందో ఇప్పటి పిల్లలకి తెలీదు. 1962లో జనరల్ నెవిన్ సైన్యంతో వచ్చి గద్దె మీద కూర్చున్నాక 1964లో కొట్లన్నీ ప్రభుత్వానివే అన్నారు, 50, 100 చాట్‌ల నోట్లు చెల్లవన్నారు, తరాలుగా అక్కడున్న మనవాళ్ళు లక్షల్లో వెనక్కొచ్చేసేరు. మా అమ్మ చెప్పీది, రంగూన్ రేవులో ఓడెక్కేముందు చెకింగ్ చేసేవాళ్ళు బంగారం ఏదీ తీసుకెళ్ళనివ్వలేదట, మా అమ్మమ్మ ముక్కుపుడక ఎన్నాళ్ళదో బిగుసుకుపోయి రాకపోతే సబ్బు నీళ్ళు రాసి తిప్పి తిప్పి తీయించేరట, ముక్కు రక్తం వచ్చిందట. మా తాత పోగొట్టుకున్న కొట్టు గురించి ఎవరూ అంత చెప్పుకోలేదు, ఆ ముక్కుపుడక మాట మాత్రం మా ఇంట్లో అందరికీ తెలుసు.

అయినా మేం అదృష్టవంతులమండి. మాకు ఓడ ఉంది, ఇండియా కాగితాలున్నాయి. మా వాళ్ళ పక్కింట్లో ఒక బర్మా మాస్టారు ఉండేవారట, వాళ్ళబ్బాయి యూనివర్సిటీలో చదివేవాడు. 1962 జులై 7న రంగూన్ యూనివర్సిటీలో సైన్యం పిల్లల మీద కాల్పులు జరిపింది, మర్నాడు తెల్లారేసరికి స్టూడెంట్స్ యూనియన్ బిల్డింగ్‌ని డైనమైట్ పెట్టి పేల్చేసింది. ఆ అబ్బాయి ఆ రోజు బతికి బయటపడ్డాడు కానీ అప్పట్నుంచి ఇంట్లో పడుకోలేదట, రోజుకో చుట్టం ఇంట్లో. మా వాళ్ళు ఓడెక్కిన రోజు మూటలు మొయ్యడానికి రేవు దాకా వచ్చేడట. అతను బర్మావాడు, అతనికి ఏ ఓడా లేదు. తర్వాత ఏమయ్యేడో మా అమ్మకి చివరిదాకా తెలీలేదు. నాకు ఎంబసీ ఆశ్రయం వార్త ఎక్కడ కనపడినా ముందు ఆ కుర్రాడే గుర్తొస్తాడు.

అదే దేశంలో 2021 ఫిబ్రవరి 1న మళ్ళీ సైన్యం వచ్చింది. వేలమంది సరిహద్దు దాటి మిజోరంలోకి వచ్చేరు, జనాన్ని కాల్చమంటే కాల్చం అన్న పోలీసులు కూడా వచ్చేరు. రానివ్వొద్దని కేంద్రం రాసినా మిజోరంవాళ్ళు అన్నం పెట్టి పాకలేసి ఇచ్చేరు, వాళ్ళకి దణ్ణం పెట్టాలి. అయితే అది కొండ దాటగలిగినవాళ్ళ సంగతి, యాంగోన్ (అప్పటి రంగూన్) నడి ఊళ్ళో ఉన్న జర్నలిస్టుకి ఆ కొండ ఎంత దూరం?

ఆశ్రయం ఇస్తే లోపల ఏం జరుగుతుందో కూడా జనానికి తెలియాలి. హంగరీలో మిండ్‌సెంటి అనే కార్డినల్, అంటే కాథలిక్ మతపెద్ద, 1956 నవంబర్‌లో రష్యా ట్యాంకులొచ్చిన రోజు బుడాపెస్ట్‌లో అమెరికా ఎంబసీలోకి వెళ్ళి 1971 సెప్టెంబర్‌లో బయటికొచ్చేడు, దగ్గర దగ్గర 15 ఏళ్ళు ఒక ఆఫీసు బిల్డింగ్‌లో. అంత వెనక్కి పోనక్కర్లేదు, 2024 మార్చిలో వెనెజులాలో ప్రతిపక్షంవాళ్ళు ఆరుగురు కారకాస్‌లో అర్జెంటీనా అంబాసిడర్ ఇంట్లోకి వెళ్ళేరు. ఎన్నికల తర్వాత అర్జెంటీనా దౌత్యవేత్తల్ని మదురో ప్రభుత్వం పంపించేస్తే బ్రెజిల్ ఆ ఇంటి బాధ్యత తీసుకుంది. కరెంటు పోయింది, నీళ్ళకి ఇబ్బంది, గేటు బయట ముసుగులేసుకున్న సాయుధులు. ఒకాయన మధ్యలోనే బయటికొచ్చేసేడు, తర్వాత కొద్ది నెలలకే చనిపోయేడు, మిగతా అయిదుగురూ 2025 మేలో గానీ దేశం దాటలేదు. ఊళ్ళో కరెంటుండగా ఒక్క ఇంటికి మాత్రం తీసేసి ఏడాది పైన మనుషుల్ని అందులో ఉంచడం, దీన్ని కూడా నాలుగు లైన్లలో ఎలా చెప్తామండి?

తొందరగా తేలిపోయినవీ ఉన్నాయి. 2021లో టోక్యో ఒలింపిక్స్‌కి వచ్చిన బెలారస్ పరుగుల అమ్మాయి సిమనౌస్కయా తన కోచ్‌ల మీద మాట్లాడిందని బలవంతంగా వెనక్కి పంపడానికి ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళేరు, ఆవిడ అక్కడ జపాన్ పోలీసుల సాయం అడిగింది, మర్నాడు పోలండ్ ఎంబసీకి వెళ్ళింది, వాళ్ళు మానవతా వీసా ఇచ్చేరు, రెండ్రోజుల్లో విమానం ఎక్కించేరు. ఒక దేశం ముందే ఒక పద్ధతి పెట్టుకుంటే ఇంత త్వరగా అవుతుంది. పద్ధతి లేకపోతే 2002 మేలో చైనాలో షెన్‌యాంగ్‌లో జరిగినట్టవుతుంది. ఉత్తర కొరియా కుటుంబం ఒకటి జపాన్ కాన్సులేట్ గేటులోకి పరిగెట్టింది, చైనా పోలీసులు ఆడవాళ్ళని గేటు లోపల్నుంచి లాగుతుంటే పక్కన వాళ్ళ చంటిపిల్ల నిలబడి చూస్తుంటుంది, ఆ వీడియో ప్రపంచమంతా చూసింది, కాన్సులేట్ మనిషి ఒకాయన నేల మీద పడిన పోలీసు టోపీలు ఏరి ఇస్తున్నాడు. ఆయన చెడ్డవాడని నేననను, ఏం చెయ్యాలో ఆయనకి ఎవరూ చెప్పలేదు. ప్రపంచం అరిచేక వాళ్ళని ఫిలిప్పీన్స్ మీదుగా సియోల్ పంపేరు.

ఇంక టీ కొట్టు దగ్గర వచ్చిన రెండో అనుమానం, వచ్చినవాడు గూఢచారి అయితే, అవినీతి కేసులో పారిపోయొచ్చినోడైతే అని. న్యాయమైన అనుమానమే. విభీషణుడు వచ్చినప్పుడు సుగ్రీవుడు అన్నదీ అదే కదా, శత్రువు తమ్ముడు, పట్టుకోండి అని. రాముడు శరణన్నవాణ్ణి వదలనన్నాడు, అలాగని కళ్ళు మూసుకోలేదు, అందరి సలహా అడిగేడు, హనుమంతుడు చెప్పింది విన్నాడు. మనం కూడా విచారించే ఉంచుకుందాం. ఈక్వడార్‌లో గ్లాస్ అనే మాజీ వైస్ ప్రెసిడెంటుకి మెక్సికో ఎంబసీ ఆశ్రయం ఇచ్చింది, ఆయనకి అవినీతి కేసుల్లో శిక్షలు పడ్డాయి, అది సరైన పనేనా అని నాకూ అనుమానమే. కానీ 2024 ఏప్రిల్ 5 రాత్రి ఈక్వడార్ పోలీసులు గోడలు దూకి ఎంబసీలో జొరబడి ఆయన్ని ఎత్తుకెళ్ళేరు, మెక్సికో సంబంధాలే తెంచేసుకుంది. ఈ అలవాటు పెరిగితే రేపు మన ఎంబసీ గోడలకి మాత్రం ఏం విలువుంటుంది? అక్కడ పనిచేసే మన పిల్లలకి ఏం భద్రత? అందుకే జొరబడ్డ ప్రతిసారీ ఇండియా గట్టిగా తప్పని చెప్పాలి, లోపలున్నవాడు ఎవరన్నది అనవసరం.

1974లో ఆస్ట్రేలియా ఈ ఎంబసీ ఆశ్రయం సంగతి ఐక్యరాజ్యసమితిలో పెట్టింది, రిపోర్టు రాయించేరు, ప్రపంచమంతటికీ ఒక ఒప్పందం మాత్రం ఇప్పటికీ రాలేదు. అది వచ్చేదాకా మన దేశం మన వరకైనా ఒక పద్ధతి రాసుకోవచ్చు. నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. రాసినందుకో మాట్లాడినందుకో మతానికో ప్రాణం పోయే పరిస్థితి ఎదురుగా కనిపిస్తుంటే మన ఎంబసీ స్టాఫ్ ఆ మనిషిని ముందు లోపలికి రానివ్వాలి, ఆ తర్వాత ఢిల్లీకి ఫోన్ చెయ్యాలి. హత్యలూ దోపిడీలూ చేసి వచ్చినవాళ్ళకి ఇది వర్తించకూడదు. ఎవరు నిర్ణయించాలి, ఎన్నాళ్ళలో, మనం తీసుకోలేకపోతే ఏ దేశాన్ని అడగాలి అన్నది ముందే రాసుంటే ఆ అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న చిన్న ఉద్యోగి చేతులు వణక్కుండా ఉంటాయి.

తీసుకొచ్చేక ఇక్కడ ఎలా ఉంచుతామన్నది ఇంకో ముడి. 1951 శరణార్థుల ఒప్పందం మీద మనం సంతకం పెట్టలేదు. 2015లో శశి థరూర్ గారు ఆశ్రయం ఇవ్వడం మీద ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టేరు, అది చట్టం కాలేదు. 1996లో సుప్రీం కోర్టు చక్మా శరణార్థుల కేసులో చెప్పిన మాట ఒక్కటే మనకి ఆధారం, 21వ ఆర్టికల్ ఇచ్చే ప్రాణరక్షణ మన పౌరులకే కాదు, ఈ నేల మీదున్న ప్రతి మనిషికీ ఉందని. దలైలామా గారికి 1959లో చోటిచ్చిన దేశం మనది, అప్పుడు ఎవరూ చట్టం ఏదని అడగలేదు, అది నెహ్రూ గారి నిర్ణయం. ఒక్కో ప్రధాని మనసుని బట్టి, ఒక్కో పొరుగు దేశంతో లెక్కని బట్టి మారిపోకుండా ఉండాలంటే కాగితం మీద ఉండాలి.

అందుకని మన విశాఖ ఎంపీ గారినీ, ఉత్తరాంధ్ర ఎంపీలందర్నీ మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను, వచ్చే పార్లమెంటు సమావేశాల్లో విదేశాంగ మంత్రి గారిని రాతపూర్వకంగా మూడు ప్రశ్నలు వెయ్యండి. 1967లో ఎంబసీలకి పంపిన ఆ కాగితం ఇప్పటికీ అమల్లో ఉందా. మన ఎంబసీల గేటు దగ్గరకి ప్రాణభయంతో ఎవరైనా వస్తే ఏం చెయ్యాలో స్టాఫ్‌కి రాతపూర్వక ఆదేశాలున్నాయా. లేకపోతే ఎప్పటిలోగా ఇస్తారు.

ఇట్లు
ఒక రిటైర్డ్ షిప్పింగ్ క్లర్క్,
కంచరపాలెం, విశాఖపట్నం